మచ్చలు రాసిన రిజిస్టర్లు

ఆళ్లగడ్డ, నంద్యాల వైపు బళ్లలో పదో తరగతికి పాఠాలు చెప్పినవాళ్లకు నామినల్ రోల్స్ తయారుచేయడం ఎంత తలనొప్పో తెలుసు. పబ్లిక్ పరీక్షకు నెలల ముందే పిల్లల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వాటితోపాటు రెండు గుర్తింపు మచ్చలు రాసి పంపాలి. ఆ రెండు మచ్చల దగ్గరే పని నిలబడిపోయేది. మగపిల్లలను వరసగా నిలబెట్టి ముఖం, మెడ, చేతులు నేను చూసేవాణ్ణి. ఆడపిల్లలను టీచరమ్మ చూసేది. ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్ల పిల్లలతో చిక్కే లేదు. ఉలి జారిన గాటో, రాతి పెచ్చు తగిలిన మచ్చో చేతిమీద ఉండనే ఉండేది. మిగతావాళ్లకు వెతకాల్సి వచ్చేది. "మా వానికి యాడా మచ్చల్లేవు సారూ, నువ్వే ఏదో ఒగటి రాసుకో" అన్న తల్లులున్నారు. ఇన్ని సర్టిఫికెట్లలో 'ఎ మోల్ ఆన్ ద రైట్ హ్యాండ్' అని ఎందుకుందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతి మన పరీక్షల బోర్డు కనిపెట్టింది కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు పోయింది. 1911 దాకా ఓడలు పోతూనే ఉన్నాయి. వాటిలో తెలుగువాళ్లు చాలామంది. కూలీల రిజిస్టర్లలో పేరు, ఊరు, కులంతోపాటు ఒంటి మీద మచ్చలూ రాసేవారు. పారిపోయినా, చచ్చిపోయినా ఎవరో తేల్చుకోడానికి అదే ఆధారం. ఫిజీకి పోయినవాళ్ల పాసుల్లోనూ ఆ గడి ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వచ్చింది. ఆ విద్యకు పేరు ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది, లెక్క కుదిర్చిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసులను చాలాకాలం ఎవరూ తలవలేదు. వేలిముద్రలు వచ్చాక మచ్చలతో పనేముంది? కానీ సర్కారు ఒకసారి గీసిన గడిని అంత తేలిగ్గా చెరపదు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎస్సెస్సెల్సీ చదువు మొదలైంది. ఆళ్లగడ్డ, నంద్యాల ఉన్న అప్పటి కర్నూలు జిల్లా 1953 దాకా మద్రాసు కిందే ఉంది. మచ్చల గడి కూలీల చిట్టా దాటి బడిపిల్లల పుస్తకంలోకి వచ్చి కూర్చుంది.

ఇక బస్టాండు బయట అమ్మే పుట్టుమచ్చల శాస్త్రం పుస్తకాలు మరో రిజిస్టరు. ముక్కు మీదుంటే కోపం, అరికాల్లో ఉంటే ప్రయాణాలు అని చెప్పే రకం. గుమస్తా, జోస్యుడు ఇద్దరూ మచ్చ మారదనే నమ్మారు.

మచ్చ మారుతుంది. చాలా పుట్టుమచ్చలు అసలు పుట్టుకతో రావు. చిన్నతనంలోనూ పడుచు వయసులోనూ ఒక్కొక్కటే తేలతాయి, ముసలితనంలో కొన్ని వెలిసిపోతాయి. చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే రంగు కణాలుంటాయి. పిండంలో వెన్నుపాము ఏర్పడే చోటు పక్కన పుట్టి, అక్కడి నుంచి ఒళ్లంతా వలసపోయి చర్మంలో కుదురుకుంటాయి. అవి గుంపు కట్టినచోట మచ్చ లేస్తుంది. బీరాఫ్ అనే జన్యువులో ఒక మార్పు ఈ రంగు కణాలకు వచ్చే మెలనోమా క్యాన్సర్లో తరచుగా ఉంటుందని 2002లో కనుక్కున్నారు. మరుసటి ఏడాదికల్లా అదే మార్పు మామూలు మచ్చల్లోనూ దండిగా కనబడింది. అంటే మచ్చ కూడా ఒకప్పుడు పెరగడం మొదలుపెట్టి, కణంలోపలి కట్టడి వల్ల ఆగిపోయిన గుంపే. పి16 లాంటి కట్టడి ప్రొటీన్లు కూడా చెడితే ఆ పెరుగుదలకు అడ్డు తగ్గిపోతుంది. అయినా ఉన్న మచ్చలు చెడిపోవడం అరుదు. మెలనోమాల్లో ఎక్కువ భాగం మచ్చే లేని చోట కొత్తగా పుడతాయి.

మెలనోమా పుట్టాక మొదట పైపొరలోనే పక్కలకు పాకుతుంది. అట్లా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. నొప్పి ఉండదు. తర్వాత లోతుకు దిగుతుంది. పిండంలో తెలిసిన వలస విద్య మళ్లీ అక్కరకొస్తుంది. కాలిలో పుట్టింది లింఫ్ నాళాల వెంట గజ్జల్లోకి చేరి బిళ్లలు కడుతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా వైద్యుడు ఆ లోతును మిల్లీమీటర్లలో కొలిచాడు. ఇప్పటికీ వైద్యులు మొదట అడిగేది ఆ కొలతే. ఒక మిల్లీమీటరు దాటకముందే కోసి తీసేస్తే ఎక్కువమంది బతుకుతారు.

తెల్లవాళ్లకు ఇది చాలావరకు ఎండ తెచ్చే జబ్బు. మనకు అరుదు, కానీ వచ్చినప్పుడు తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. ఈ రకంలో ఎండ పాత్ర తక్కువ, బీరాఫ్ మార్పూ తక్కువే. పాటగాడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే పోయాడు.

కేసీ కాలువ కింద వరిమడిలో, నల్లరేగడి పత్తి చేలలో, అహోబిలం మెట్ల మీద మన పెద్దలు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లకు ముళ్లూ ఆనెలూ మామూలే. మడమ మీద నల్లగా కనబడితే ముల్లు దిగి నెత్తురు గడ్డకట్టిందంటారు. జిల్లేడు పాలు పూస్తారు, బ్లేడుతో గీస్తారు. పైగా కత్తి పెడితే పాకుతుందన్న భయం ఒకటి. పాకేది కత్తి వల్ల కాదు, ఆలస్యం వల్ల. నూటయాభై ఏళ్లుగా ఇందరు గుమస్తాలు ఒళ్లు చూసి మచ్చలు రాశారు గానీ అరికాలు తిప్పి చూడటం ఎవరి పనీ కాలేదు.

అరవై దాటిన అమ్మానాన్నలు మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం వాళ్ల అరికాళ్లు, కాలిగోళ్లు చూడండి. నల్లమచ్చ కొత్తగా వచ్చినా, అంచు వంకరపోతూ పెరుగుతున్నా, మానని పుండు ఉన్నా, గోటి మీద నల్లచార వెడల్పవుతున్నా జిల్లేడు పాలు పూయకుండా చర్మవైద్యుడికి చూపించండి.