గడియారం గారికో టికెట్

పోయిన నెల ఓ బగ్గు కోసం రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నా. చూస్తే, ప్రశ్న పంపకముందే జవాబు వచ్చేసినట్టుంది! మూడ్రోజులు కోడ్‌ని తిట్టుకున్నాక తెలిసింది, ఆ రెండిటి గడియారాలకీ పొంతన లేదని. అలా గడియారాల చరిత్ర మీద పడ్డాను.

సరిగ్గా పనిచేసిన మొదటి సీజియం గడియారాన్ని 1955లో ఇంగ్లండులోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఎస్సెన్, ప్యారీ తయారుచేశారు. సీజియం పరమాణువుని కదిలించే మైక్రోవేవ్ సెకనుకి 919,26,31,770 సార్లు ఊగుతుంది. ఆ ఊపులే లెక్క. మరుసటేడే అమెరికాలో అటామిక్రాన్ పేరుతో ఒకటి అమ్మకానికొచ్చింది. మనిషికన్నా ఎత్తైన బీరువా అది!

1971కల్లా అది విమానం సీటులో పట్టేంత అయింది. హేఫెలీ, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు గడియారాల్ని మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. టికెట్లు 'మిస్టర్ క్లాక్' పేరు మీదే! తూర్పుకెళ్తే 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమటికెళ్తే 273 ముందుకెళ్లాయి. ఐన్‌స్టీన్ గెలిచాడు. గడియారం ల్యాబ్ గుమ్మం దాటకపోతే ఈ ప్రయోగమే లేదు.

ఇంకా చిన్నది చేద్దామంటే ఓ చిక్కుంది. ఆ మైక్రోవేవ్ తరంగం పొడవే 3.3 సెంటీమీటర్లు. దాన్ని పట్టి ఉంచే లోహపు డబ్బా ఇంచుమించు అంత ఉండాల్సిందే. అందుకని డబ్బానే తీసేశారు! చిన్న లేజర్ కాంతినే మైక్రోవేవ్ వేగంతో ఊపి, అందులో రెండు పౌనఃపున్యాలు పుట్టిస్తారు. వాటి తేడా సరిగ్గా పై అంకె అయితే సీజియం ఆవిరి కాంతిని పీల్చుకోవడం తగ్గిస్తుంది. 2004లో అమెరికాలోని నిస్ట్ వాళ్లు ఈ పద్ధతిలో గడియారం గుండెకాయని బియ్యపు గింజంత చేశారు.

ఊరికే రాలేదు లెండి. దానికి 300 ఏళ్లకో సెకను తేడా వస్తుంది. పెద్ద ల్యాబ్ గడియారాలకైతే కోట్ల ఏళ్లు పడుతుంది. అయినా, జీపీయస్ అందని సముద్రం అడుగున భూకంపాలు కొలవడానికి వెళ్లేది ఈ చిన్నదే.

బయటి బతుకు కష్టమని మనకీ తెలిసొచ్చింది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎలో విదేశాల నుంచి కొన్న మూడు రుబీడియం గడియారాలూ 2017 మొదలయ్యేసరికే పాడయ్యాయి. ఉపగ్రహం ఉంది, టైము చెప్పేవాడే లేడు! మనం సొంతంగా చేసుకున్న గడియారం 2023 మేలో ఎన్‌వీఎస్-01తో పైకెళ్లింది.

నన్నడిగితే, గొప్ప గడియారమంటే ఎక్కువ కచ్చితమైనది కాదు, అవసరమైన చోటికి వెళ్లి బతికేది.

నా బగ్గంటారా? టైము సింక్ సెట్టింగు సరిచేశా. జవాబిప్పుడు ప్రశ్న తరవాతే వస్తోంది.