ఇంటి తెర: టెలివిజనా, ప్రొజెక్టరా?

పంట డబ్బు చేతికి వచ్చిన తరువాత ఇంటికి కొనవలసిన వస్తువులలో తెరకు ఒక స్థానం ఉంటుంది. ఒకప్పుడు తెర అంటే టెలివిజన్ ఒక్కటే. నేడు దాని పక్కన ప్రొజెక్టరు వచ్చి నిలిచింది. గోడ నిండా బొమ్మ, చేతిలో ఇమిడే పెట్టె, తక్కువ ధర అన్న ప్రకటనలు ప్రతి చేతిఫోనులోను కనిపిస్తున్నాయి.

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివే పిల్లల చెవిన తెలుగు వార్త, తెలుగు కథ పడే చోటు చాలా ఇళ్లలో ఆ తెర ముందే. అందువలన ఏది ప్రతిదినమూ పనికివస్తుంది, ఏది నాలుగు నెలలకు అటక ఎక్కుతుంది అన్నది తెలుసుకొని కొనడం మేలు.

పూర్వరంగం

తెలుగువారికి తెర కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో తెల్లని తెర వెనుక దీపం వెలిగేది. టూరింగు టాకీసులలో యంత్రం ప్రేక్షకుల వెనుక ఉండి వెలుతురును తెర మీదికి పంపేది. రెండింటికీ చీకటి తప్పనిసరి.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో భారతదేశంలో జరిగిన సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ ను తీసుకువెళ్లింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా ఆ ఆరింటిలోనివే. కార్యక్రమాలు హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలలో సాగాయి. ఊరంతా ఒక పెట్టె ముందు కూర్చొని చూసిన కాలమది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1982లో దేశంలో రంగుల ప్రసారం, 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చాయి. క్రమంగా పెట్టె ఊరి నుండి ఇంటిలోకి చేరింది.

రెండింటికీ మూలభేదం

టెలివిజన్ తన వెలుతురును తానే చూపుతుంది. ప్రొజెక్టరు వెలుతురును గోడ మీదికి పంపుతుంది. కంటికి చేరేది ఆ గోడ తిప్పి పంపినది మాత్రమే. ప్రొజెక్టరు నలుపును పంపలేదు. వెలుతురు పడని చోటు గోడ ఎంత చీకటిగా ఉంటే బొమ్మలోని నలుపు అంతే. పగటిపూట తెల్లగోడ తెల్లగానే ఉంటుంది కనుక రాత్రి దృశ్యం బూడిద రంగుకు మారిపోతుంది.

వెలుతురు లెక్క

ప్రొజెక్టరు వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. 100 అంగుళాల తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. నిజమైన 500 ల్యూమెన్ల యంత్రం దాని మీద చదరపు మీటరుకు సుమారు 180 ల్యూమెన్లు, అనగా 180 లక్సుల కాంతిని పరుస్తుంది. పూర్తి చీకటిలో ఇది సినిమాహాలు తెరతో సమానమైన వెలుగే. అదే గదిలో ట్యూబులైటు వెలిగి గోడ మీద మరొక 100 లక్సులు పడినదనుకుంటే, తెలుపు 280, నలుపు 100 అవుతుంది. రెండింటి తేడా మూడింతలు కూడా ఉండదు. బొమ్మ వెలవెలబోతుంది.

తెర కొలత రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలై, వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. కనుక 'ఇంకా పెద్ద బొమ్మ' అన్న ఆశకు హద్దు ఉండాలి. సాధారణ టెలివిజన్ పట్టపగలు తలుపులు తీసి ఉన్నా కనిపిస్తుంది.

ప్రకటనలలోని అంకెలు

చవక ప్రొజెక్టర్ల పెట్టెల మీద 5,000, 9,000 ల్యూమెన్లని వ్రాసి ఉండవచ్చు. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని అంకెను నమ్మరాదు. 'ఆన్సి' లేక 'ఐ.ఎస్.ఓ.' ల్యూమెన్లు ఎన్ని అని అడగాలి. వేల అంకె వ్రాసిన యంత్రమే ఈ కొలతలో కొద్ది వందల దగ్గర ఆగిపోవచ్చు.

రెండవ మోసం బొమ్మ స్పష్టతకు సంబంధించినది. '1080 సపోర్ట్' అంటే ఆ సంకేతాన్ని తీసుకోగలదని మాత్రమే అర్థం. యంత్రం స్వయంగా చూపేది 480 గీతలే కావచ్చు. అడగవలసిన మాట 'నేటివ్ రిజల్యూషన్ ఎంత?' అన్నది. 480 గీతలను గోడంత పెద్దది చేస్తే వార్తల కింద నడిచే అక్షరాలు అలుక్కుపోతాయి. తెర మీది అక్షరాలను కూడబలుక్కొని తెలుగు నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు.

గది, గోడ, దూరం

చాలా ప్రొజెక్టర్లకు తెర వెడల్పుకు సుమారు 1.2 రెట్ల దూరం కావాలి. 100 అంగుళాల తెర వెడల్పు ఏడుంబావు అడుగులు; యంత్రం 8.7 అడుగుల దూరాన ఉండాలి. పదడుగుల గదిలో యంత్రం వెనుక గోడను తాకినంత పని అవుతుంది. నడుమ ఎవరు లేచినా నీడ పడుతుంది. అటువంటి గదికి 80 అంగుళాలు, ఏడడుగుల దూరం చాలు. యంత్రాన్ని పక్కకు పెట్టి బొమ్మను మీటతో చతురస్రం చేసుకోవచ్చు గాని స్పష్టత కొంత తగ్గుతుంది.

గోడ నున్నగా, తెల్లగా ఉండాలి. నీలం, ఆకుపచ్చ గోడల మీద మనుషుల ముఖాల రంగు మారుతుంది. పలుచని తెల్లపంచె కడితే వెలుతురు కొంత అవతలికి పోతుంది. మందపు గుడ్డ మేలు. పెంకుటింటి సందుల గుండా పగటి వెలుతురు చొరబడుతుంది కనుక అక్కడ ప్రొజెక్టరు రాత్రి వస్తువే.

విద్యుత్తు, దుమ్ము, ఆయువు

43 అంగుళాల ఎల్.ఇ.డి. టెలివిజన్ 80 వాట్లు తీసుకున్నదనుకుంటే, రోజుకు 4 గంటల చొప్పున నెలకు 9.6 యూనిట్లు. 280 వాట్ల దీపం ప్రొజెక్టరుకు అదే వాడకంలో 33.6 యూనిట్లు. ఎల్.ఇ.డి. ప్రొజెక్టరు సాధారణంగా దీపం రకం కంటే తక్కువ తీసుకుంటుంది. దీపం ఆయువు 4,000 గంటలైతే మూడేళ్ల లోపే మార్చాలి. కొత్త దీపం ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. ఎల్.ఇ.డి., లేజరు రకాలకు సాధారణంగా 20,000 గంటలు చెబుతారు.

కరెంటు కోతలున్న ఊళ్లలో మరొక చిక్కు ఉన్నది. దీపం ప్రొజెక్టరు ఆరిన తరువాత కూడా దాని పంకా కొంతసేపు తిరిగి వేడిని తగ్గించాలి. కరెంటు హఠాత్తుగా పోతే ఆ పంకా ఆగిపోయి దీపం దెబ్బతింటుంది. కనుక దీనికి ఇన్వర్టరు అవసరం. పంకా దుమ్మును కూడా లోపలికి లాగుతుంది. వేరుశనగ కొట్టే రోజులలో జల్లెడను తరచు తుడవాలి. యానాం వంటి తేమ ప్రాంతాలలో, మూలన పెట్టిన యంత్రపు అద్దానికి బూజు పట్టవచ్చు. టెలివిజన్ కు ఇన్ని సేవలు అక్కరలేదు. ఉరుములప్పుడు మాత్రం దేనికైనా ప్లగ్గు, డిష్ తీగ రెండూ తీయాలి.

ధ్వని, తెలుగు ప్రసారాలు

చిన్న ప్రొజెక్టర్ల ధ్వని బలహీనం. రేకుల ఇంటి మీద వాన పడితే మాట వినిపించదు. వేరే స్పీకరు కొనాలి. పైగా చాలా ప్రొజెక్టర్లకు డిష్ తీగను నేరుగా కలపలేము, సెట్ టాప్ బాక్సు కావాలి. కొన్ని చవక యంత్రాలలో సినిమా యాప్ లు సరిగా నడవవు.

తెలుగు ఛానళ్లకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. డి.డి. డైరెక్ట్ ప్లస్ పేరిట 2004 డిసెంబరులో మొదలైన డి.డి. ఫ్రీ డిష్ లో నెలసరి రుసుము లేకుండా డి.డి. సప్తగిరి, డి.డి. యాదగిరి వస్తాయి. 2019 ఫిబ్రవరి 1 నుండి అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం డి.టి.హెచ్.లో కావలసిన ఛానళ్లను విడిగా ఎంచుకోవచ్చు. స్థానిక భాష ప్యాకేజీ ఒక్కటే ఉన్నదని చెప్పితే, తెలుగు ఛానళ్లను విడిగా కలపమని అడగడం వినియోగదారుని హక్కు.

కళ్లు, భద్రత

43 అంగుళాల టెలివిజన్ కు ఐదున్నర నుండి తొమ్మిది అడుగుల దూరం బాగుంటుంది. ప్రొజెక్టరు వెలుతురు గోడను తాకి వస్తుంది కనుక కంటికి మెత్తగా తోచవచ్చు. కాని నడిచే యంత్రపు అద్దంలోకి పిల్లలు తొంగిచూడరాదు, కంటికి ప్రమాదం. టెలివిజన్ ను బల్ల అంచున పెట్టక గోడకు గట్టిగా బిగించాలి.

కొనేముందు

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పటి నుండి పన్ను రేటు అన్ని రాష్ట్రాలలోనూ ఒక్కటే. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలకు మించిన టెలివిజన్లకు, ప్రొజెక్టర్లకు కూడా అది 28 నుండి 18 శాతానికి తగ్గింది. కనుక పన్ను కలిసివస్తుందని సరిహద్దు దాటి పోనక్కరలేదు. చూడవలసినది మరమ్మతు ఎక్కడ దొరుకుతుందన్నది. సేవాకేంద్రం తాలూకా పట్టణంలో ఉన్నదా, వారంటీ పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుందా అని అడిగి బిల్లు తీసుకోవాలి. ప్రొజెక్టరును దుకాణంలో దీపాలు వెలిగించి ఉండగానే చూపమనాలి.

ఎవరికి ఏది

ఉదయం వార్తలు, మధ్యాహ్నం సీరియలు, సాయంత్రం పిల్లల పాఠం చూసే ఇంటికి, ఒకే గదిలో వంట, చదువు, నిద్ర సాగే ఇంటికి, వృద్ధులు పగలంతా చూసే ఇంటికి టెలివిజనే తగినది. ఇప్పటికే టెలివిజన్ ఉండి, చీకటి చేయగల పెద్ద గది, ఇన్వర్టరు ఉన్న ఇంటికి ప్రొజెక్టరు రెండవ వస్తువుగా ఆనందమిస్తుంది. పండుగకు వచ్చిన బంధువులతో వాకిట సినిమా చూడటానికి ఒకనాటి అద్దె యంత్రమూ చాలు. ఇంటివారు చూసుకోవడం వేరు. టిక్కెట్టు పెట్టి గాని, జాతరలో బహిరంగంగా గాని ప్రదర్శిస్తే హక్కుదారుల అనుమతి కావాలి.

ఒక్కటే కొనగలిగిన కుటుంబం ముందుగా అడగవలసిన ప్రశ్న బొమ్మ ఎంత పెద్దదన్నది కాదు. ఇంట్లోని అవ్వ, మనుమరాలు కలిసి ఏ వేళ కూర్చొని చూస్తారన్నది. ఆ వేళ పగలైతే సమాధానం టెలివిజన్.