పాలున్నాయి, పాపకు అందడం లేదు

రాత్రి రెండు దాటింది. గోడకు ఆనుకుని కూర్చున్నావు. ఆపరేషన్ కుట్లు లాగుతున్నాయి. ఒళ్లో పాప. పుట్టి ఇవాళ్టికి అయిదో రోజు. పొద్దున్నే దవాఖాన నుంచి పుట్టింటికి వచ్చారు. నల్గొండ జిల్లాలో, తారు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊరు మీది.

రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. నైటీ తగిలినా నొప్పే. పాప నోరు ఆనిస్తుంది, జారిపోతుంది. మళ్లీ ఆనిస్తుంది. చనుమొన కొస మాత్రం చిగుళ్ల మధ్య చిక్కుతుంది. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటావు. నోరు వదిలాక చూస్తే చనుమొన చప్పిడిగా నొక్కుకుపోయి ఉంది. పక్కన సన్నగా చీలింది.

మొదటి రోజుల్లో ముర్రుపాలు చెంచాడు చెంచాడే వచ్చాయి. అంతే వస్తాయి, అప్పటికి అంతే చాలు. సిజేరియన్ అయితే పాలు పడడం కాస్త ఆలస్యం కావచ్చు. నీకు ఇవాళ పడ్డాయి, అదీ ఒక్కసారిగా. వాపుతో చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం బిగిసిపోయింది. పాప చిన్న నోటికి పట్టు దొరకడం లేదు. పాలున్నాయి, పాపకు అందడం లేదు.

"పాలు సరిపోతలేవేమో బిడ్డా. పొద్దుగాల డబ్బా పాలు తెప్పిద్దాం," అంటుంది అమ్మ.

"అప్పటిదాకా ఇంత చక్కెర నీళ్లు తాపుండ్రి," అంటుంది అమ్మమ్మ. "అయినా చూడు, పిల్ల ఎంత బుద్ధిగా పండుకుందో!"

నిజమే, పాప నిద్రపోతోంది. సాయంత్రం నుంచి ఏడవనే లేదు. నీకూ కళ్లు మూతలు పడుతున్నాయి. ఊరి ఆశ కార్యకర్త, ఆశ అక్క, రేపు వస్తానంది. ఈ కాసేపు నడుం వాల్చవచ్చు.

ఆగు. మంచం కింద గిన్నెలో వేసిన గుడ్డలు చూడు.

మధ్యాహ్నం నుంచి తడిసింది ఒక్కటే. దాని మీద ఇటుకపొడి రంగు మరక. అది రక్తం కాదు. ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడితే అలా కనిపిస్తుంది. అయిదో రోజుకు పాలు అందుతున్న బిడ్డ రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడపాలి. విరేచనం పసుపు రంగుకు తిరగాలి. ఇక్కడింకా నల్లగానే ఉంది.

లైటు వెయ్యి. దుప్పటి తియ్యి.

అరికాలు గీరు. పాప కాలు ముడుస్తుంది. కళ్లు తెరవదు. వీపు రుద్దు. సన్నగా మూలుగుతుంది. మళ్లీ నిద్ర. పొట్ట ముట్టుకో. వెచ్చగా ఉంది. పాదాలు ముట్టుకో. చల్లగా ఉన్నాయి. నుదుటి మీద వేలితో నొక్కి వదులు. పసుపు. ఛాతీ మీద. పసుపే.

ఇది బుద్ధి కాదు. నీరసం.

చక్కెర నీళ్లు వద్దు. తేనె అసలే వద్దు. మత్తుగా ఉన్న బిడ్డ నోట్లో ఏదీ పొయ్యకు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫోన్ తియ్యి. తల్లీబిడ్డల కార్డు మీద ఆశ అక్క నంబరు రాసి ఉంది. ఇంత రాత్రా అని వేలు ఆగుతుంది. ఆగనివ్వకు. దవాఖానలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడడం ఆమె పని. ఇలాంటి లక్షణాలు పట్టుకోవడానికే ఆమెకు శిక్షణ ఇచ్చారు.

"అక్కా, పాప లేస్తలేదు. పాలు తాగుతలేదు."

"మూత్రం పోసిందా? పాదాలు చల్లగున్నయా?" నువ్వు చెబుతావు. "108కి ఫోన్ చెయ్. పాపను నీ ఒంటికి ఆనించుకో. నేనొస్తున్న."

నైటీ గుండీలు విప్పు. పాపను గుండెల మీద బోర్లా పెట్టుకో. ముక్కు పైకి కనిపించాలి. తలకు టోపీ. పైన దుప్పటి. నీ ఒంటి వేడే ఇప్పుడు పాపకు కాపు.

అంబులెన్సు వచ్చింది. ఎక్కు.

జిల్లా దవాఖానలో నవజాత శిశువుల వార్డు. తూకం మీద పాప. పుట్టినప్పుడు మూడు కిలోలు. ఇప్పుడు 2,640 గ్రాములు. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. పదో వంతు దాటి తగ్గితే ఊరుకోకూడదు. మడమ నుంచి రక్తం తీస్తారు. చక్కెర, ఉప్పు, కామెర్లు చూస్తారు. పాపను నీలం లైటు కింద పడుకోబెడతారు. సెలైన్ పెడతారు.

నీ పక్కన సిస్టర్ కూర్చుంటుంది. నీ రొమ్ముల నొప్పి గురించి ఇన్ని రోజుల్లో నిన్ను సరిగ్గా అడిగిన మొదటి మనిషి ఆమే.

బొటనవేలు, చూపుడువేలు నల్లటి భాగానికి రెండు వైపులా పెట్టిస్తుంది. ముందు లోపలికి, ఛాతీ వైపు. తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు. వదులు. మళ్లీ. గిన్నె అడుగున పసుపుపచ్చగా పాలు చేరతాయి. అమ్మ చూసి ఒక్క క్షణం మాట్లాడదు.

పాప కళ్లు తెరిచాక ఆ పాలే ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పడతారు. చాలకపోతే పై పాలు ఎన్ని ఎం.ఎల్. ఇవ్వాలో డాక్టరు కొలిచి చెబుతుంది. ఇవ్వాల్సి వస్తే తల దించుకోకు. అదీ వైద్యమే. నువ్వు పాలు పిండుతూ ఉంటే నీ పాలు పడడం ఆగదు.

మర్నాడు పాప గట్టిగా ఏడుస్తుంది. ఆ ఏడుపు విని నీకు ప్రాణం లేచొస్తుంది.

సిస్టర్ పాపను నీ చంక కిందుగా, కాళ్లు వెనక్కి ఉండేలా పట్టిస్తుంది. కుట్ల మీద బరువు పడదు. ముందు కాస్త పాలు పిండి రొమ్మును మెత్తబరుస్తావు. పాప ముక్కుకు ఎదురుగా చనుమొన. తొందరపడకు. నోరు బాగా తెరిచేదాకా ఆగు. ఇప్పుడు. రొమ్మును పాప వైపు వంచకు, పాపనే దగ్గరకు తీసుకో. గడ్డం రొమ్ముకు ఆనింది. కింది పెదవి బయటికి తిరిగింది. నల్లటి భాగం పై పెదవి పైనే ఎక్కువగా కనిపిస్తోంది.

మొదటి రెండు గుక్కలకు చురుక్కుమంటుంది. తర్వాత నొప్పి లేదు. గుటక వినిపిస్తుంది. ఇంకో గుటక.

"రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి. మరీ నిద్రపోతే లేపాలి," అంటుంది సిస్టర్. అమ్మ వైపు తిరుగుతుంది. "బాలింత అని నీళ్లు ఆపకండి. దాహమేసినప్పుడల్లా తాగనియ్యండి. రొమ్ము ఒకచోట ఎర్రబడి జ్వరమొస్తే తీసుకురండి, పాలు మాత్రం మాన్పించకండి."

బరువు పెరగడం మొదలైంది. గుడ్డలు తడుస్తున్నాయి. డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది. ఆటో గేటు దగ్గర ఆగి ఉంది, అమ్మ సంచి సర్దేసింది. ఎడమ వైపు ఇంకా కుదరడం లేదని నీకొక్కదానికే తెలుసు. ఓర్చుకుని ఇంటికి పోవచ్చు. నువ్వు పోవు.

"సిస్టర్, ఇటువైపు ఇంకా నొప్పిగానే ఉంది. ఇంకోసారి చూపిస్తారా?"