బేకన్ ఎలా చనిపోయాడు?

పోయిన సంవత్సరం బి.ఎ. తరగతిలో భౌతికవాద చరిత్ర గురించి నాలుగు మాటలు చెబుతూ ఫ్రాన్సిస్ బేకన్ పేరెత్తాను. వెనక బల్ల మీది కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, బేకన్ 1626లో చనిపోలేదటగదా? రహస్య సమాజం వాళ్లు దొంగ అంత్యక్రియలు జరిపించి జర్మనీకి దాటించారటగదా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి పాఠంలో పడ్డాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అడిగినవాడు తెలివితక్కువవాడు కాడు. నా పాఠంలో దొరకనిదేదో అతనికి ఆ కథలో దొరికి ఉండాలి. అదేమిటో తేల్చుకుందామని కూర్చున్నాను.

మనకు తెలిసినది ఇది. బేకన్ 1626 ఏప్రిల్ 9న, లండన్ శివారు హైగేట్‌లో, అరండెల్ ప్రభువు ఇంట్లో చనిపోయాడు. వయస్సు 65. మంచు మాంసాన్ని కుళ్లకుండా కాపాడుతుందేమో చూద్దామని బండి దిగి, కొండ కింద ఒక పేదరాలి దగ్గర కోడిని కొని, ఆమె చేతనే కడుపు శుభ్రం చేయించి, అందులో మంచు కూరాడనీ, ఆ చలికే జబ్బుపడ్డాడనీ కథ. దీన్ని హాబ్స్ చెప్పగా విన్నానని జాన్ ఆబ్రే తరువాతి కాలంలో రాశాడు. ఈ కథను కూడా కొందరు చరిత్రకారులు సందేహించారు. కాని జబ్బును సందేహించనక్కరలేదు. కలం పట్టే ఓపిక లేని స్థితిలో అరండెల్‌కు బేకన్ పంపిన ఉత్తరం ఉంది. అందులో తాను చేస్తున్న ప్రయోగం సంగతి చెప్పి, అగ్నిపర్వతాన్ని పరిశీలించబోయి ప్రాణం పోగొట్టుకున్న పెద్ద ప్లినీతో తనను పోల్చుకున్నాడు.

చావలేదనేవారి సాక్ష్యాలేమిటి? అంత్యక్రియల వర్ణన దొరకదు. ఆ రోజు ఈస్టర్ ఆదివారం, అంటే క్రీస్తు సమాధి నుంచి లేచిన పండుగ. సెంట్ ఆల్బన్స్ చర్చిలోని విగ్రహం పడుకొని లేదు, కుర్చీలో కూర్చొని ఉంది. దాని కింది లాటిన్ మాటలు కూడా ఆయన ఇలా కూర్చునేవాడనే చెబుతాయి. ఇంతే. వర్ణన దొరకని అంత్యక్రియలన్నీ దొంగవైతే ఆ కాలంలో సగం ఇంగ్లండు చావనే లేదనాలి!

నన్ను ఒప్పించినవి ఇంతకంటె మోటు సంగతులు. బేకన్ ఇరవై వేల పౌన్లకు మించిన అప్పులతో పోయాడు. వీలునామాలో నియమించినవారు బాధ్యత తీసుకోలేదు. ఆస్తి వ్యవహారం చివరికి అప్పులవాళ్ల చేతికే వచ్చింది. భార్య ఆలిస్ ఆ ఏప్రిల్ నెలలోనే అండర్‌హిల్ అనేవాణ్ణి పెళ్లాడింది. వేదాంతులను మోసగించవచ్చునేమోగాని, అప్పులవాళ్లనూ మారుమనువుకు సిద్ధమైన ఇల్లాలినీ ఒకేసారి మోసగించడం ఏ రహస్య సమాజానికి సాధ్యం?

ఇంతకూ ఆ సమాజమేది? గులాబీ శిలువ సోదరులు, రోసిక్రూసియన్లు. 1614లో జర్మనీలోని కాసెల్‌లో వారి పేర ఒక కరపత్రం అచ్చయింది. మూలపురుషుడి సమాధి 120 సంవత్సరాల తరువాత తెరిస్తే దేహం చెడకుండా ఉందని అందులోని కథ. మరి రెండేళ్లలో ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. మూడవదాన్ని తన పడుచుతనపు ఆటగా ఆంద్రియే అనే లూథరన్ పండితుడు తరువాత ఒప్పుకున్నాడు. డెకార్ట్ జర్మనీలో ఈ సోదరులను వెదికి, ఒక్కణ్ణి కూడా చూడలేకపోయాడని అతని చరిత్రకారుడు రాశాడు. దొరకని సోదరులు బేకన్‌ను దాచిపెట్టారన్నమాట.

బేకన్‌ను వీరితో ముడిపెట్టినదెవరో చూస్తే నవ్వు వస్తుంది. ఆయన 'న్యూ అట్లాంటిస్' మరణానంతరం వెలువడింది. 1662లో జాన్ హేడన్ అనేవాడు ఆ కథను ఎత్తుకొచ్చి, ఊరి పేరు మార్చి, రోసిక్రూసియన్ల దేశంగా అచ్చు వేసుకున్నాడు. తరువాతివారు రెండూ పక్కపక్కన పెట్టి, "చూశారా, ఎంత పోలికో!" అన్నారు. దొంగసొత్తు సొంతదారు మీద సాక్ష్యం చెప్పింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఇది పరిశ్రమ అయింది. షేక్స్పియర్ నాటకాలు బేకన్ రాశాడన్నారు. 1888లో డానెలీ వాటిలో గూఢలిపి ఉందన్నాడు. ఓవెన్ అనే అమెరికన్ వైద్యుడు రాతప్రతుల కోసం వై నది అడుగును తవ్వించాడు. నిజానికి బేకన్ 1623 గ్రంథంలో రెండక్షరాల గూఢలిపిని వివరించాడు. వీళ్ల ఆశకు ఆధారం అదే. ఆ లిపిని వెదికిన ఇల్లినాయ్‌లోని ఒక ధనికుడి పరిశోధనశాలలో పనిచేసిన దంపతులు ఫ్రీడ్మన్లు. గూఢలిపి విద్యలో అమెరికాకే పెద్దలైన తరువాత, 1957లో వాళ్లే పుస్తకం రాసి, నాటకాలలో అలాంటిదేమీ లేదని తేల్చారు.

ఈ కథ మన గడపదాకా వచ్చిన దారి దివ్యజ్ఞాన సమాజం. ఆ సమాజ పెద్దలలో ఒకడైన లెడ్‌బీటర్, 1925లో వచ్చిన తన గ్రంథంలో, సెయింట్ జర్మేన్ ప్రభువుకు బేకన్ పూర్వజన్మ అన్నాడు. తరువాతివారికి పునర్జన్మ కూడా చాలలేదు, అసలు చావునే ఎత్తివేశారు. ఆ సమాజాన్ని ఎగతాళి చేయడం సులువు. మదనపల్లెలో 1915లో అనిబిసెంటు పెట్టిన కాలేజి రాయలసీమ పిల్లలకు చేసిన మేలు కూడా నిజమే. కాని ప్రయోగమే ప్రమాణమన్న మనిషి వాళ్ల చేతిలో హిమాలయ గురువుల జాబితాలో చేరిపోయాడు. వేమన్నకు పరుసవేది కట్టబెట్టిన జాతివాళ్లం, మనకిది కొత్తగా తోచకపోవడంలో వింత లేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. 'న్యూ అట్లాంటిస్'లోని పండితులు తాము కనుగొన్నవాటిలో కొన్నిటిని దాచిపెడతామని ప్రమాణం చేస్తారు, వాటిలో కొన్నిటిని రాజ్యానికి కూడా చెప్పరు. రహస్యం మీద మోజు బేకన్‌లో లేకపోలేదు.

ఇక నా పాఠం సంగతి. మార్క్స్ 1845 నాటి 'పవిత్ర కుటుంబం'లో బేకన్‌ను ఇంగ్లీషు భౌతికవాదానికి మూలపురుషుడన్నాడు. ఫారింగ్టన్ 1949లో పారిశ్రామిక విజ్ఞాన తత్వవేత్తగా చూపాడు. నేను ఈ రెండూ చెప్పి ఊరుకున్నాను. 1621లో లార్డ్ ఛాన్సలర్‌గా 28 లంచం ఆరోపణలను ఒప్పుకున్నాడని, నలభై వేల పౌన్ల జరిమానా పడిందని, టవర్‌లో కొద్ది రోజులు ఉన్నాడని చెప్పలేదు. 1615లో పీచమ్ అనే ముసలి పాదిరీని చిత్రహింస పెట్టి ప్రశ్నించినవారిలో ఉన్నాడనీ చెప్పలేదు. మన పక్షం మనిషిని మచ్చలేకుండా చూపాలనుకున్నాను. మచ్చలేని మనిషి ఎవరికీ నమ్మకం కలిగించడు. అప్పులున్న, భయమున్న బేకన్‌ను నేను దాచిపెడితే, ఆ ఖాళీలోకి గులాబీ శిలువవాళ్లు వచ్చి కూర్చున్నారు. దాచడంలో వాళ్లకూ నాకూ తేడా ఎంత?

ఈ సంవత్సరం అదే పాఠం మొదటినుంచి చెప్పాను, లంచాలతో సహా. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఆబ్రే, ఎగర్టన్ అనే ఇద్దరి దగ్గర డబ్బు తీసుకొని కూడా బేకన్ వాళ్లకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడన్నప్పుడు లేచాడు. "అయితే అవతలివాళ్లు ఎంత ఇచ్చారు మాస్టారూ?" అని అడిగాడు. ఈసారి తరగతితోబాటు నేను నవ్వలేదు. ఆ రెండు వ్యాజ్యాల కాగితాలు చూసి రమ్మని అతనికే అప్పగించాను.