కంఠస్థం, కాగితం: ఒమాన్‌లో ఖురాన్ పాఠ పరిరక్షణ

ఖురాన్ అనే అరబీ మాటకు అర్థం చదవడం, పైకి వినిపించేలా పారాయణ చేయడం. అట్టల మధ్య కుట్టిన పుస్తకానికి ముస్లింలు వాడే పేరు వేరు. అది ముస్హఫ్. ముస్హఫ్ తడిసిపోవచ్చు, చెదలు పట్టవచ్చు, రాసేవాడి చెయ్యి జారి అక్షరం తప్పిపోవచ్చు. ఖురాన్ మాత్రం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి, అక్కడి నుంచి మరో శిష్యుడికి అందుతూ వచ్చిన పాఠం. తమ గ్రంథం చెక్కుచెదరలేదన్న ముస్లింల నమ్మకానికి పునాది ఈ తేడాలోనే ఉంది. 15వ సూరా (అధ్యాయం) అయిన హిజ్ర్‌లో తొమ్మిదో ఆయత్ (వాక్యం), పంపిన దేవుడే దీన్ని కాపాడతాడని అభయమిస్తుంది. ఆ కాపుదల మనుషుల నోళ్ల మీదుగా, చేతుల మీదుగా ఎలా సాగిందన్నది చరిత్ర. అందులో ఒమాన్ వాటా చాలామంది అనుకునే దానికన్నా పెద్దది.

మస్కట్‌లో రువీని ఆనుకుని ఉన్న పేట హమ్రియా. 1970 తర్వాత ఒమాన్‌లో రోడ్లు, ఓడరేవు, ఆసుపత్రులు, బడులు ఒక్కసారిగా లేస్తున్న రోజుల్లో రువీ లోయ వ్యాపార కేంద్రమైంది. పనికి వచ్చిన భారతీయులు, బంగ్లాదేశీయులు, పాకిస్తానీయులు దాని చుట్టుపక్కల పేటల్లో గదులు తీసుకున్నారు. కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తెలుగువాళ్లకు హమ్రియా బాగా తెలిసిన పేరు. ఇక్కడ మసీదు వరసలో పక్కపక్కన నిలబడే ఇద్దరి నమాజు ఒకే తీరుగా ఉండదు. ఇబాదీ మతాచారం పాటించే ఒమానీ చేతులు కిందికి వదిలి నిలబడతాడు. హనఫీ సంప్రదాయంలో పెరిగిన భారతీయుడు చేతులు కట్టుకుంటాడు. ఫాతిహా సూరా పూర్తయ్యాక భారతీయుడు మనసులో ఆమీన్ అనుకుంటాడు, ఇబాదీ అనడు. ఇమామ్ నోటి నుంచి వచ్చే పాఠం మాత్రం ఇద్దరికీ ఒకటే.

గల్ఫ్ మసీదుల్లో ఎక్కువగా కనిపించేది మదీనా ముద్రణ ముస్హఫ్. సిరియా లిపికారుడు ఉస్మాన్ తాహా చేతిరాతలో, పేజీకి 15 వరసల చొప్పున 604 పేజీలు ఉంటుంది. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో చదువుకున్నవాడు దాన్ని తెరిస్తే మొదటి పేజీలోనే కళ్లు తడబడతాయి. భారత ముద్రణలో నిలువు గీతగా ఉండే ‘ఖడీ జబర్’ ఒక్కటే దీర్ఘాన్ని చూపిస్తుంది. మదీనా ప్రతిలో అక్షరం మీద వాలు గీత, దాని పక్కన బుల్లి అలిఫ్, రెండూ ఉంటాయి. ఆగాల్సిన చోట్ల గుర్తులు వేరు. రుకూ అనే విభాగం ముగిసిందని అంచున చెప్పే ‘ఐన్’ కనిపించదు. ఫాతిహాలో ఆయత్‌ల లెక్క కూడా తేడాగా ఉంటుంది. మదీనా ప్రతి బిస్మిల్లాను మొదటి ఆయత్‌గా లెక్కిస్తే, భారత ముద్రణలు చాలావాటిలో దానికి అంకె ఉండదు, చివరి ఆయత్ రెండుగా విడుతుంది. ఎలా లెక్కించినా ఏడే, పలికే మాటలూ అవే. కంటికి ఎదురయ్యే ఇన్ని తేడాలు నోటికి వచ్చేసరికి మాయమవడానికి కారణం తెలియాలంటే ఏడో శతాబ్దికి వెళ్లాలి.

మహమ్మద్ ప్రవక్త 632లో కన్నుమూసే నాటికి ఖురాన్ పూర్తిగా కంఠస్థం చేసినవాళ్లు ఉన్నారు. రాత మాత్రం ఖర్జూర మట్టల మీద, పలుచటి రాళ్ల మీద, తోలు ముక్కల మీద, ఒంటెల భుజపుటెముకల మీద చెల్లాచెదురుగా ఉంది. కొద్ది నెలలకే యమామా యుద్ధంలో పారాయణ చేసేవాళ్లు చాలామంది చనిపోయారు. నోళ్లు తగ్గిపోతున్నాయన్న భయంతో మొదటి ఖలీఫా అబూ బక్ర్, ప్రవక్తకు లేఖకుడిగా ఉన్న జైద్ బిన్ సాబిత్‌కు సేకరణ పని అప్పగించాడు. ఆ పత్రాలు చివరికి ప్రవక్త భార్య హఫ్సా దగ్గరకు చేరాయి. సుమారు 650లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ సరిహద్దుల్లో సైనికులు పారాయణ తీరు మీద గొడవపడుతున్నారన్న కబురు మదీనాకు వచ్చింది. మూడో ఖలీఫా ఉస్మాన్ ఆ పత్రాల ఆధారంగా, జైద్ పెద్దరికంలోనే ప్రామాణిక ప్రతులు రాయించి కూఫా, బస్రా, డమాస్కస్ లాంటి పట్టణాలకు పంపి, మిగతా రాతలను కాల్పించాడు. ప్రతితో పాటు పారాయణ నేర్పే మనిషిని కూడా పంపాడని సంప్రదాయం చెబుతుంది. ఈ వ్యవహారమంతటిలో గట్టిగా గుర్తుంచుకోవలసిన మాట ఇదే. పుస్తకం ఒంటరిగా ప్రయాణం చేయలేదు.

చేయలేదు సరే, చేయలేకపోయేది కూడా. ఆనాటి అరబీ రాతలో హల్లుల బొమ్మలే ఉండేవి. బ, త, స మూడింటికీ ఒకే వంపు, చుక్కలు ఎప్పుడో తప్ప పెట్టేవారు కారు. అచ్చులకు గుర్తులే లేవు. చదవడం ముందే వచ్చినవాడికి అది జ్ఞాపకం చేసే సాధనం, రానివాడికి పొడుపుకథ. ఇస్లాం అరబ్బేతర దేశాలకు పాకాక ఈ ఇబ్బంది ముదిరింది. దానికి మందు కనిపెట్టిన ఊరు బస్రా. అబుల్ అస్వద్ దుఅలీ అక్షరాల పైన, కింద, పక్కన రంగు చుక్కలు పెట్టి అచ్చులు చూపించాడని చెబుతారు. అతని శిష్యపరంపరలోని నస్ర్ బిన్ ఆసిం, యహ్యా బిన్ యఅమర్ ఒకే బొమ్మ ఉన్న అక్షరాలను చుక్కలతో విడదీశారని పేరు. అయితే రెండు రకాల చుక్కలు ఒకే పేజీలో చేరేసరికి చదివేవాడికి కొత్త తికమక మొదలైంది.

దాన్ని విప్పినవాడు ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ. ఒమాన్‌కు చెందిన అజ్ద్ తెగవాడు, ఎనిమిదో శతాబ్దిలో బస్రాలో బతికాడు. అరబీ ఛందస్సుకు శాస్త్రం కట్టినవాడు, ‘కితాబుల్ ఐన్’ అనే నిఘంటువుకు కర్త, వ్యాకరణవేత్త సీబవైహ్‌కు గురువు. అచ్చుల కోసం వేరే చుక్కలెందుకు, అక్షరాల్నే చిన్నవి చేసి వాడవచ్చు కదా అన్నది అతని ఆలోచన. అలిఫ్‌ను పడుకోబెట్టి పైన గీస్తే ‘అ’, కింద గీతైతే ‘ఇ’, బుల్లి వావ్ పెడితే ‘ఉ’. ద్విత్వానికి ‘షీన్’ అక్షరం తల, హంజాకు ‘ఐన్’ అక్షరం తల. తెలుగు గుణింతం నేర్చిన ఎవరికైనా ఈ పద్ధతి ఎంత సహజమైనదో వెంటనే తెలుస్తుంది. ఈనాడు హమ్రియా మసీదులోనైనా, కడప మదర్సాలోనైనా పిల్లవాడు జబర్ (అ), జేర్ (ఇ), పేష్ (ఉ) అంటూ వేలితో చూపించే గుర్తులు ఆ ఒమానీ పండితుడి ఆలోచన నుంచి వచ్చినవే. మదీనా ముద్రణ, భారత ముద్రణ వేర్వేరుగా కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రెండింటిలోనూ అడుగున ఉన్న హల్లుల అస్థిపంజరం ఉస్మాన్ కాలం నాటిది. పైన వేసిన గుర్తులు తర్వాతి పండితుల సాయం, ఆయా దేశాల లిపికారులు వాటిని తమ అలవాటు ప్రకారం దిద్దుకున్నారు.

పారాయణలోనూ అంగీకరించిన భేదాలున్నాయి. వాటిని ఖిరాఅత్‌లు అంటారు. పదో శతాబ్దిలో బాగ్దాద్ పండితుడు ఇబ్న్ ముజాహిద్ ఏడు పారాయణ రీతులను ప్రామాణికమని నిర్ణయించాడు. 15వ శతాబ్ది మొదట్లో మరణించిన ఇబ్నుల్ జజరీ నాటికి వాటి సంఖ్య పదికి స్థిరపడింది. ఒమాన్, భారత్ రెండూ అనుసరించేది కూఫా వాసి ఆసిం నుంచి హఫ్స్ అందుకున్న రీతినే. ముస్లిం పండితులు ఈ భేదాలను దాచిపెట్టలేదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో పేర్లతో సహా గొలుసు కట్టి భద్రపరిచారు. ఇవి ప్రవక్త నాటి నుంచే ఉన్నవన్నది వారి నిశ్చయం. పరిరక్షణ అంటే ఒకే ఒక్క ఉచ్చారణ మిగలడం అన్న అర్థం వారిలో లేదు.

గ్రంథం స్వభావం మీద మాత్రం తీవ్రమైన వాదమే నడిచింది. ఖురాన్ దేవుడి వాక్కుగా అనాదిగా ఉందా, లేక దేవుడు సృష్టించినదా అన్న ప్రశ్న మీద 833లో ఖలీఫా మామూన్ బాగ్దాద్‌లో విచారణ మొదలుపెట్టాడు. సృష్టి అని ఒప్పుకోనందుకు అహ్మద్ బిన్ హంబల్ చెరసాల పాలయ్యాడు. ఆ శతాబ్దంలోనే ఈ వాదం ఒమాన్ తీరానికీ చేరి అక్కడి పండితులను చీల్చింది. తర్వాతి కాలంలో ఇబాదీలు సృష్టి పక్షాన నిలిచారు. 1975 నుంచి ఒమాన్ ప్రధాన ముఫ్తీగా ఉన్న అహ్మద్ బిన్ హమద్ ఖలీలీ ‘అల్ హఖ్ఖుద్దామిగ్’ అనే పుస్తకంలో ఆ పక్షాన్నే సమర్థించాడు. సున్నీ పండితులు దాన్ని ఇప్పటికీ ఒప్పుకోరు. ఇంత లోతైన విభేదం ఉన్నా, ఏ పక్షమూ మరో పక్షం ముస్హఫ్‌లో మాట మారిందని అనలేదు. రాజకీయంగా తొలి శతాబ్దిలోనే విడిపోయి, ఉస్మాన్ పాలనను ఘాటుగా విమర్శించిన ఇబాదీలు కూడా అతను రాయించిన పాఠాన్నే చదువుతున్నారు. పాఠం అప్పటికే ఎంత గట్టిగా నాటుకుపోయిందో చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకదు.

ఒమాన్ పల్లెల్లో ఈ పాఠాన్ని మోసింది పిల్లలు. 1970 నాటికి దేశం మొత్తంలో ఆధునిక బడులు మూడే, వాటిలో చదివేవాళ్లు సుమారు 900 మంది మగపిల్లలు. మిగిలినవాళ్లకు చదువంటే చెట్టు కిందో, మసీదు అరుగు మీదో ముఅల్లిం (గురువు) దగ్గర నేర్చుకునే ఖురానే. పలక లేని చోట ఒంటె భుజపుటెముక పలక అయ్యేది. దాని మీద సిరాతో రాసి, వల్లించి, అప్పజెప్పాక కడిగేసి కొత్త పాఠం రాసుకునేవాళ్లు. రాత చెరిగిపోతుంది, నోటికి వచ్చింది ఉండిపోతుంది. పిల్లవాడు ఖురాన్ పూర్తి చేసిన రోజు ‘తైమీనా’ చేసేవారు. ముఅల్లిం ముందు నడుస్తూ పద్యాలు చదివితే, వెనక పిల్లలంతా ఆమీన్ అని గొంతెత్తుతూ ఊరంతా తిరిగేవారు. ఒక ఇంటి పిల్లవాడి చదువు ఊరి పండుగయ్యేది.

దక్కన్‌లో ఈ వేడుక చదువు మొదట్లో వస్తుంది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక బిస్మిల్లా చదివించడం హైదరాబాద్ ఇళ్లలో పాత ఆచారం. ఆ తర్వాత అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం, ఆపైన పారాలు అనే ఖురాన్ భాగాలు. పూర్తిగా కంఠస్థం చేసి హాఫిజ్ కావాలనుకునే విద్యార్థి దినచర్య మూడు ముక్కలు. ఆనాడు కొత్తగా నేర్చేది సబక్, ఈ మధ్య నేర్చింది సబ్‌కీ, ఎప్పుడో నేర్చిన పాతది మంజిల్. మంజిల్ రోజూ అప్పజెప్పకపోతే సబక్ ఎంత సాగినా లాభం లేదని ఉస్తాద్‌లు నొక్కి చెబుతారు. ఉచ్చారణకు తజ్వీద్ శాస్త్రం ఉంది. గొంతు లోతులోంచి ఖాఫ్‌తో ‘ఖల్బ్’ అని పలికితే ఆ మాటకు గుండె అని అర్థం, అదే మాట కాఫ్‌తో ‘కల్బ్’ అంటే కుక్క. హైదరాబాదీ వాడుకలో ఖాఫ్ గరగరమనే ‘ఖ’ అయిపోతుంది. ఒమాన్ బదూల వాడుకలో అదే అక్షరం ‘గ’ అవుతుంది. ఖురాన్ ఎత్తుకోగానే ఇద్దరూ ఇంటి నాలుకను పక్కన పెట్టి ఒకే చోటి నుంచి ఆ అక్షరాన్ని పలకాలి. వేదాన్ని పదం, క్రమం, జట, ఘన అంటూ మాటలు ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే కోనసీమ ఘనపాఠీల పద్ధతి వేరు. అయినా స్వరం జారితే గురువు ఊరుకోడన్న నియమం రెండు చోట్లా ఒకటే. రంజాన్ తరావీహ్ నమాజులో ఇమామ్ ఎక్కడైనా తడబడితే వెనక నిలబడ్డ మరో హాఫిజ్ అక్కడికక్కడే సరైన మాట అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. నెలరోజుల్లో గ్రంథమంతా ఇలా జనం ముందు పరీక్షకు నిలబడుతుంది. ప్రతి ఏటా, వేల మసీదుల్లో.

ఖురాన్ అంటే నోటితో పలికే అరబీ పాఠమేనన్న ఈ దృష్టి వల్లనే అనువాదం ముస్లింలకు ఖురాన్ స్థానంలో నిలబడదు, దాని అర్థంగానే నిలబడుతుంది. ‘ఆంధ్ర భాషా చరిత్ర’ రాసిన చిలుకూరి నారాయణరావు 1925లో ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్‌లో నిజాం కొలువులో ఉండి మార్మడ్యూక్ పిక్తాల్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1930లో వెలువడింది. తర్వాత ముస్లిం పండితులు చేసిన తెలుగు అనువాదాల్లో అరబీ మూలాన్ని పక్కనే ముద్రించడం రివాజు. ఇక మూలాన్ని తెర మీదికి తేవడంలో ఒమాన్ ముందడుగు వేసింది. అక్కడి ధార్మిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ, నెదర్లాండ్స్‌కు చెందిన అక్షర రూపకల్పన సంస్థ డెకోటైప్‌తో కలిసి 2017లో ‘ముస్హఫ్ మస్కట్’ను విడుదల చేసింది. అది పేజీల ఫొటో కాదు. ప్రతి అక్షరం, ప్రతి గుర్తు కంప్యూటర్ గుర్తుపట్టే పాఠంగా ఉంటూనే, లిపికారుడి కలం సాగిన తీరులో అమరుతుంది.

ఇక కాగితం సంగతికి వస్తే, చిరిగిపోయిన ముస్హఫ్‌ను కూడా పారేయరు. తెలుగునాట మసీదుల్లో అలాంటి కాగితాలు వేయడానికి పెట్టె ఉంచి, నిండాక పాతిపెట్టడమో పారే నీటిలో వదలడమో చేస్తారు. యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో ఇలాగే అటక మీద దాచిన వేల తోలు పత్రాలు 1972లో మరమ్మతులు చేస్తుంటే బయటపడ్డాయి. వాటిలో ఒక ప్రతి ఏడో శతాబ్దిది. అడుగున చెరిపేసిన రాత, దాని మీద మళ్లీ రాసిన రాత, రెండూ ఖురానే. పై రాత ఉస్మాన్ పాఠం. అడుగు రాతలో కొన్ని మాటలు, సూరాల వరస తేడాగా ఉన్నాయి. ఉస్మాన్ సేకరణకు ముందు వేరే ప్రతులు ఉండేవని, వాటిని తొలగించారని ముస్లిం చరిత్రకారులు మొదటి నుంచీ రాస్తూ వచ్చిన సంగతికి ఇది తోలు మీద దొరికిన ఆధారం. 2015లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం తన దగ్గరున్న రెండు పత్రాల తోలు 568 నుంచి 645 మధ్య కాలానిదని కార్బన్ పరీక్షతో ప్రకటించింది. వాటి మీద ఉన్నవి 18, 19, 20వ సూరాల భాగాలు. వాటి పాఠం నేటి ముస్హఫ్‌కు చాలా దగ్గరగా ఉంది.