అమ్మమ్మ తల్లికి తల్లి

ఇంగ్లండులో ఒక సామాన్య పల్లెటూరి స్త్రీ వంశాన్ని వెదకడానికి కావలసినది ప్రధానంగా ఓపిక. 1538 నుండి అక్కడి చర్చి పుస్తకాలలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు నమోదవుతూ వచ్చాయి. 1841 నుండి జనాభా లెక్కల కాగితాలు ఇంటింటి పేర్లతో సహా నిలిచివున్నాయి. పాలు పితికి బ్రతికిన మనిషి జాడ కూడా దొరుకుతుంది.

నేను వెదకబోయినది మా అమ్మమ్మ తల్లికి తల్లిని. ఊరు నెల్లూరు తీరాన, బకింగ్‌హాం కాలువ ప్రక్కన. ధాత కరువునాటికి, అంటే 1876-78 ప్రాంతానికి, ఆమె చంకబిడ్డ అని మాత్రం ఇంట చెప్పుకునేవారు. పేరు ఎవరికీ తెలియదు.

మన జనాభా లెక్కలు 1871లోనే మొదలయ్యాయి కానీ, మొత్తాలు కూడుకున్నాక ఇంటింటి కాగితాలను దాచలేదు. అంకెలు మిగిలాయి, మనుషులు పోయారు. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా వచ్చాయి. దానాలు చేయగలిగిన స్త్రీలకే అందులో చోటు. భూమి లేని ఆడదాని పేరు అడంగలుకు ఎక్కదు.

తర్పణాలు విడిచే ఇళ్ళలో మూడు తరాల స్త్రీలను పేరుపేరునా తలచుకుంటారు కదా అని ఆశపడ్డాను. కానీ ఆ వరుసను జాగ్రత్తగా వినండి. మాతామహి తరువాత వచ్చేది ఆమె తల్లి కాదు, ఆమె అత్తగారు! తల్లివైపు పాయ ఒక్క అడుగుతోనే తెగిపోతుంది. ఇన్నేళ్ళుగా వింటూ కూడా నేను గమనించలేదు.

ఆ తరంలో మన పల్లె స్త్రీల పేర్లు పద్ధతిగా వ్రాసుకున్న చోటు ఒకటుంది: నేటాలు ఓడల పట్టీలు. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరిన ట్రూరో మొదలుకొని 1911 వరకు 1,52,184 మంది చెరకుతోటల కూలికి దక్షిణాఫ్రికా చేరారు. అందులో దాదాపు మూడింట రెండువంతులు మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. ఒక్కొక్కరికి ఒక సంఖ్య. ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. పారిపోతే పట్టుకోవడానికీ పనికివచ్చే వివరాలవి. ఇంటిపేరు మాత్రం ఉండదు. ఊరి పేరేమో ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు. అక్కడి తెలుగువారి మనుమలు ఆ కాగితం పట్టుకొని వస్తే, "పాళెం" అని ముగిసే ఊళ్ళు ఈ తీరంలో ఎన్నని చూపగలం? అయినా వారి చేతిలో ఒక కాగితముంది. ఓడ ఎక్కిన అక్క దొరికే అవకాశముంది, ఊళ్ళోనే ఉండిపోయిన చెల్లెలికి అది లేదు.

చివరకు మా పెద్దమ్మ ఒక సంగతి చెప్పింది. మా అమ్మమ్మను కన్నతల్లి ఏనాడూ పేరుపెట్టి పిలవలేదట, "చిట్టీ" అనేదట. ఎందుకని అడిగితే, "పేరుపెట్టి తిట్టడానికి నోరెట్లా వస్తుంది?" అనేదట.

రెండో ఆడపిల్లకు అమ్మమ్మ పేరు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మా అమ్మమ్మ రెండోది.