ఆ కారు ఎవరి పని మీద వెళ్తోంది?

2018 జనవరిలో ఒక గురువారం సాయంత్రం ఒహాయోలో క్లయింటు ఆఫీసు నుంచి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాను. కన్సల్టింగు బతుకు మీకు తెలిసిందే కదా... సోమవారం తెల్లారగట్ల ఒక విమానం, గురువారం సాయంత్రం ఒక విమానం, మధ్యలో అద్దెకారు. రోడ్డు మీద బ్లాక్ ఐస్ ఉంది. అంటే కంటికి ఆనని పల్చటి మంచుపొర. బ్రేకు మీద కాలేశాను, కారు నా మాట వినడం మానేసింది, వెళ్ళి ముందున్న పికప్ ట్రక్కుని వెనకనుంచి గుద్దాను. సీటు బెల్టు పుణ్యమా అని నాకు భుజం మీద వాత మాత్రం మిగిలింది. ట్రక్కాయన మెడ పట్టుకుని దిగాడు.

మా కంపెనీ మేనేజరుగారికి ఫోన్ చేశాను. (కంపెనీ మనవాళ్ళదే, పేరెందుకు లెండి.) ఆయన మొదటి ప్రశ్న, "కారు ఎవరి పేరు మీద తీసుకున్నావమ్మా?" రెండోది, "అప్పటికి ఈరోజు టైమ్‌షీటు క్లోజ్ చేసేశావా?" దెబ్బలు తగిలాయా అన్నది మూడో ప్రశ్న. విమానం ఎలాగూ తప్పింది. ఆ రాత్రి హోటల్లో ఒళ్ళు మండిపోయి వెతకడం మొదలుపెడితే తేలిందేమిటంటే, ఆయన అడిగినవి కొత్త ప్రశ్నలేం కావు. వాటి వయసు దాదాపు రెండువందల ఏళ్ళు!

అమెరికా న్యాయానికి పుట్టిల్లు ఇంగ్లండే కాబట్టి కథ అక్కడ మొదలవుతుంది. 1834 నాటి కేసు. లండన్‌లో బిషప్స్‌గేట్ వీధి దాటుతున్న ఒకాయన్ని గుర్రబ్బండి గుద్దేసింది. బండి యజమానిది, తోలింది నౌకరు. నష్టపరిహారం ఎవరివ్వాలి? జడ్జి పార్క్ జ్యూరీకి చెప్పిన సూత్రం ఇది: నౌకరు యజమాని పని మీద వెళ్తూ దారిలో కాస్త పక్కకి తిరిగినా బాధ్యత యజమానిదే. పని ఊసే లేకుండా సొంత షికారుకి పోతే మాత్రం యజమానికి సంబంధం లేదు. జ్యూరీ యజమానికి వ్యతిరేకంగానే తేల్చింది. మా మేనేజరుగారి టైమ్‌షీటు ప్రశ్నకి తాతగారు ఈ సూత్రమే అన్నమాట.

ఇది బయటివాడికి దెబ్బ తగిలినప్పటి మాట. దెబ్బ నౌకరుకే తగిలితే? మూడేళ్ళకి, 1837లో, ఒక మాంసం కొట్టు కుర్రాడి కేసు వచ్చింది. యజమాని బండిలో మోతాదు మించి సరుకెక్కించారు, బండి విరిగింది, కుర్రాడి తొడ ఎముక విరిగింది. జ్యూరీ 100 పౌన్లు ఇమ్మంది. పైన కూర్చున్న లార్డ్ అబింజర్ కాదన్నాడు. బండి సంగతి యజమానికెంత తెలుసో నౌకరుకీ అంతే తెలుసు, ఇష్టం లేకపోతే ఎక్కకుండా ఉండాల్సింది, అని ఆయన వాదన. ఎక్కనన్న కుర్రాడికి మర్నాడు ఉద్యోగం ఉండేదా అన్నది ఆయనకి తట్టలేదు.

ఇదే వాదన 1842లో సముద్రం దాటింది. బోస్టన్ - వూస్టర్ రైల్వేలో ఇంజన్ డ్రైవరుకి స్విచ్ మార్చేవాడి పొరపాటు వల్ల కుడి చెయ్యి పోయింది. ఆయన జీతం రోజుకి 2 డాలర్లు. మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా ఏమన్నాడంటే, ఆ 2 డాలర్లలో ప్రమాదానికి కట్టిన ఖరీదు కలిసే ఉందట! ఈ లాజిక్కు ఎక్కడో విన్నట్టుందా? "మీకు గంటకింత ఇస్తున్నాం కదా, అన్నీ అందులోనే" అని మనకీ చెప్తారుగా :)

ఈ సిద్ధాంతం బలం తగ్గడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. 1911లో విస్కాన్సిన్ చట్టంతో మొదలై, తప్పెవరిదైనా సరే పనిలో దెబ్బ తగిలితే ఉద్యోగికి పరిహారం, దానికి బదులు అతను యజమాని మీద దావా వెయ్యకూడదు అనే ఒప్పందం రాష్ట్రాలన్నిటికీ పాకింది. చివరగా చేరింది మిసిసిపీ, 1948లో.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన కేసు మాత్రం కాలిఫోర్నియాది. మామూలుగా ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి చేసే ప్రయాణం కంపెనీ ఖాతాలోకి రాదు. కానీ వెస్టింగ్‌హౌస్ కంపెనీ మనిషొకడు లిఫ్టు పని ముగించుకుని ఇంటికి వెళ్తూ, ఫ్రీవే మధ్యలో నిలబడ్డ పోలీసుని గుద్దాడు. అతనికి ప్రయాణం ఖర్చులూ, ప్రయాణం చేసిన సమయానికి డబ్బులూ కంపెనీయే ఇస్తోంది. దూరం నుంచి మనుషుల్ని రప్పించుకోవడం మీకు లాభం కాబట్టే ఇస్తున్నారు, ఆ దారిలో జరిగే ప్రమాదం కూడా మీదే, అని 1970లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. నేను ఒహాయోలో ఉన్నాను, నాకు టికెట్టూ అద్దెకారూ ఇచ్చారు కానీ ప్రయాణం గంటలకి పైసా ఇవ్వలేదు. నా కేసు ఎటు తేలేదో మరి... ట్రక్కాయన కోర్టుకి వెళ్ళలేదు కాబట్టి ఆ అవసరం రాలేదు.

తొందర పెట్టేది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. డామినోస్ వాళ్ళ అరగంట హామీ గుర్తుందా? 1989లో సెయింట్ లూయిస్‌లో వాళ్ళ డ్రైవరు రెడ్ లైటు దాటి ఒకావిడ కారుని గుద్దాడు. 1993 డిసెంబరులో జ్యూరీ, శిక్షగా 7.8 కోట్ల డాలర్లు కట్టమంది. తర్వాత చాలా తక్కువకే రాజీ కుదిరిందనుకోండి. కానీ కొద్ది రోజుల్లోనే కంపెనీ అరగంట హామీ ఎత్తేసింది. 2022లో మన దేశంలో జొమాటో పది నిమిషాల డెలివరీ అని ప్రకటించినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. అక్కడ బైకు నడిపే కుర్రాడు ఉద్యోగి కూడా కాదు, "పార్ట్‌నర్". ఇక్కడ మనలో 1099 మీద పనిచేసేవాళ్ళదీ అదే పరిస్థితి. ఉద్యోగి కాకపోతే పైన చెప్పిన కథలో చాలా భాగం మీకు వర్తించదు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు రేటొక్కటే చూస్తాం.

ఇదంతా కోర్టు గొడవ అనుకోకండి. 2023లో అమెరికాలో పనిలో చనిపోయిన 5,283 మందిలో మూడోవంతు పైగా పోయింది రవాణా ప్రమాదాల్లోనే. ఆ రోజు నన్ను కాపాడిన మూడు కొసల బెల్టు, వోల్వోలో నిల్స్ బోలిన్ 1959లో తెచ్చింది. 1968 నుంచి ఇక్కడ కొత్త కార్లలో బెల్టులు తప్పనిసరి. పెట్టుకుని తీరాలని మాత్రం న్యూయార్క్ చెప్పేదాకా, అంటే 1984 చివరిదాకా, ఏ రాష్ట్రమూ అనలేదు. అద్దెకార్ల సంగతి ఇంకా ఆలస్యం. రీకాల్‌లో ఉన్న అద్దెకారులో 2004లో కాలిఫోర్నియాలో అక్కచెల్లెళ్ళిద్దరు చనిపోతే, అలాంటి కార్లు బాగుచెయ్యకుండా అద్దెకివ్వకూడదనే చట్టం 2016లో గానీ అమల్లోకి రాలేదు. అదీ 35 కార్ల కంటే ఎక్కువున్న కంపెనీలకే. యాప్‌లో ఎవరి సొంత కారో అద్దెకి తీసుకునేవాళ్ళు అద్దం కింద ఉండే 17 అక్షరాల విన్ నంబరుని ప్రభుత్వం సైటులో కొట్టి చూసుకోండి, ఒక్క నిమిషం పని.

ఇంతకీ ట్రక్కాయన మెడ ఖర్చు నా సొంత కారు ఇన్సూరెన్సు కట్టింది. మూడేళ్ళు నా ప్రీమియం పెరిగింది. కంపెనీ ఇచ్చింది ఒక ఉబర్ బిల్లు. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. గురువారం సాయంత్రం తాళం తిప్పే ముందు మేనేజరుకి ఒక లైను మెయిల్ కొడతాను: "క్లయింటు ఆఫీసు నుంచి ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతున్నాను." మా మేనేజరమ్మ అది నా క్రమశిక్షణ అనుకుంటోంది.